దుంగకు దిక్కులున్నాయి

1938 సెప్టెంబరు 21న అట్లాంటిక్ సముద్రం మీంచి వచ్చిన తుఫాను అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలను ఊడ్చిపెట్టింది. కొన్ని గంటల్లోనే తెల్లపైన్ తోపులు వరసలకు వరసలు నేలకొరిగాయి. కూలిన కలప 200 కోట్ల బోర్డ్ ఫీట్లకు పైమాటేనని లెక్క తేలింది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలకను ఒక బోర్డ్ ఫుట్ అంటారు. అలాంటివి 12 పేరిస్తే మన కలప అడితీల్లో చెప్పే ఒక ఘనపుటడుగు అవుతుంది.

పైన్ దుంగ నేలమీద ఎంతోకాలం ఆగదు. ఎండలు ముదరగానే బెరడు కిందికి పురుగు చేరుతుంది. దాని వెంటే బూజు వచ్చి కలపలోకి నీలి చారలు దింపుతుంది. అంత కలపను ఒక్క చలికాలంలో కోసేయడం ఎవరి తరమూ కాదు. అందుకని ప్రభుత్వమే దుంగలు కొని చెరువుల్లోకి దొర్లించింది. పచ్చి కలపను కాపాడటానికి దాన్ని నీళ్లలో ముంచడమేమిటని వినేవాళ్లకు అనిపిస్తుంది. కానీ బూజుకు తడి ఒక్కటే చాలదు, గాలి కూడా కావాలి. కలప కణాల్లోని ఖాళీలన్నీ నీటితో నిండిపోతే గాలికి చోటుండదు, బూజుకు బతుకుండదు. న్యూ హ్యాంప్‌షైర్ రాజధాని కాంకర్డ్ పక్కనున్న టర్కీ పాండ్ అనే చెరువులో దాచిన పైన్ దుంగలు నాలుగేళ్ల తర్వాత కూడా కోతకు పనికొచ్చాయి. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, మగవాళ్లు సైన్యానికో ఫ్యాక్టరీలకో వెళ్లిపోయారు. 1942–43లో అమెరికా అటవీ శాఖ ఆ చెరువు గట్టున ఒక చిన్న సామిల్లు పెట్టి, దుంగల్ని నీళ్లలో నెట్టుకొచ్చే పని దగ్గర్నుంచి పలకలు పేర్చేదాకా మహిళలనే పనిలోకి తీసుకుంది. కలపకు నీటితో ఉన్న బంధాన్ని నదుల పక్క బతికినవాళ్లు ఎప్పుడో పసిగట్టారు. గోదావరి ఎగువ అడవుల కలపను తెప్పలుగా కట్టి రాజమండ్రికి దించిన రోజుల్లో నది బండి పని చేసింది, గోదాము పనీ చేసింది.

ఆ తుఫాను కలపను పలకలుగా మార్చడంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించగలిగే చిన్న మిల్లులు పెద్ద పాత్ర వహించాయి. దీనికి కారణం దుంగ బరువు. అర మీటరు వ్యాసం, 3 మీటర్ల పొడవు ఉన్న పచ్చి ఎర్ర ఓక్ దుంగను తీసుకోండి. దాని ఘనపరిమాణం 0.59 ఘనపు మీటర్లు, బరువు దాదాపు 600 కిలోలు. అందులో 250 కిలోలు వట్టి నీరే. కోశాక గుండ్రటి అంచులూ బెరడూ పొట్టూ కలిసి ఇంకో పెద్ద వాటా పోతుంది. అంటే దుంగను లారీ మీద మిల్లుకు పంపినవాడు కిరాయిలో సగానికి పైగా నీటికీ చెత్తకూ కడుతున్నాడు. మిల్లే దుంగ దగ్గరికి వస్తే నీరు అక్కడే ఆరుతుంది, పొట్టు ఆ మట్టిలోనే కలుస్తుంది, పలకలు మాత్రమే కదులుతాయి.

చిన్న మిల్లుల గురించిన ఆలోచన పాతదే అయినా, ఒక మనిషి జీపు వెనక తగిలించుకుని వెళ్లగలిగే మిల్లుకు దారి తీసింది బ్యాండ్ రంపం. రెండు చక్రాల మీద ఆగకుండా తిరిగే పళ్ల పట్టీ అది. లండన్‌కు చెందిన విలియం న్యూబెరీ 19వ శతాబ్దపు తొలి దశాబ్దంలోనే దానికి పేటెంటు పొందాడు. ఆలోచన బాగుంది, కానీ అప్పటి ఉక్కుతో దాన్ని నడపలేకపోయారు. పట్టీ రెండు కొనలనూ కలిపి అతికిన చోట పుటుక్కున తెగేది. 1846లో ఫ్రాన్స్‌లో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే మహిళ ఆ అతుకును గట్టిగా వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక బ్యాండ్ రంపం కార్ఖానాల్లోకి అడుగుపెట్టింది. 1982లో ఇండియానాపోలిస్‌లో మొదలైన వుడ్‌మైజర్ లాంటి కంపెనీలు దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, పట్టాల మీద నడిచే తలకు బిగించి, చక్రాల బండి మీదికెక్కించాయి. పాత వృత్తాకార రంపాల మిల్లుల్లో రంపం కదలదు, దుంగే బండి మీద ముందుకూ వెనక్కూ తిరుగుతుంది. ఇక్కడ అది తారుమారైంది. 600 కిలోల దుంగ కొక్కేలకు బిగిసి నిశ్చలంగా ఉంటుంది, ఇంజనూ రంపమూ కలిసి దాని మీదుగా నడుస్తాయి. కదలాల్సిన బరువు తగ్గడం వల్లే మిల్లు ఇంత చిన్నదైంది.

ఈ పట్టీ గురించి కొంచెం ఆగి చెప్పాలి. మామూలుగా వాడే పట్టీ వెడల్పు 32 మిల్లీమీటర్లు, మందం ఒక మిల్లీమీటరును కాస్త దాటుతుంది. పళ్లను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి అర మిల్లీమీటరు చొప్పున వంచుతారు. ఆ వంపు లేకపోతే పట్టీ తాను చేసిన చీలికలోనే ఇరుక్కుని వేడెక్కిపోతుంది. వంపుతో కలిపి రంపం తినే మందం సుమారు 2 మిల్లీమీటర్లు. వృత్తాకార రంపమైతే 6 దాకా తింటుంది. గొలుసు రంపానికి చట్రం బిగించి పలకలు తీసేవాళ్లూ ఉన్నారు, అది 9 మిల్లీమీటర్ల వరకు మింగేస్తుంది. 30 సెంటీమీటర్ల ఎత్తున చదరం చేసిన దుంగలోంచి 25 మిల్లీమీటర్ల పలకలు తీస్తే గొలుసు రంపానికి 9 వస్తాయి, బ్యాండ్ రంపానికి 11 వస్తాయి. ఆ రెండు పలకలు గొలుసు రంపం కింద పొట్టుగా రాలిపోతున్నాయి. ఒక చెట్టు యాభై ఏళ్లు నిలబడి కూడబెట్టిన కలపలో ఆరో వంతును పొట్టు చేయకుండా మిగల్చడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

పట్టీ పల్చగా ఉండటానికి పొదుపును మించిన కారణం ఒకటుంది. అది చిన్న చక్రాల మీద వంగాలి. లోహపు పట్టీని వంచినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. పట్టీ మందం పెరిగే కొద్దీ, చక్రం చిన్నదయ్యే కొద్దీ ఆ ఒత్తిడి ఎక్కువవుతుంది. అర మీటరుకు కొంచెం తక్కువ వ్యాసమున్న చక్రం మీద ఒక మిల్లీమీటరు ఉక్కు వంగితే దాని పైపొరలో పడే ఒత్తిడి 400 మెగాపాస్కల్స్ దాటుతుంది. పట్టీ సెకనుకు 25 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది, దాని చుట్టుకొలత 4 మీటర్లు. దాని మీద ఏ బిందువును చూసినా సెకనుకు ఆరుసార్లు చుట్టి వస్తుంది, చుట్టుకు రెండుసార్లు వంగి రెండుసార్లు నిటారవుతుంది. గంట కోతలో 40 వేల వంపులకు పైనే. లోహం అలసిపోతుందని ఇంజనీర్లు చెప్పే మాట ఇక్కడ కళ్లకు కడుతుంది. పని ఆపగానే పట్టీ బిగువు వదలమనేది ఇందుకే. మొండిబారిన పళ్లతో బలవంతంగా తోయవద్దనేదీ ఇందుకే. మొద్దుబారిన పట్టీ కోయడానికి బదులు కలపను పక్కకు నెడుతుంది, గట్టి ముడి ఎదురైన చోట పైకో కిందికో జారుతుంది, పలక అలలు తిరుగుతుంది.

ఊరి చెట్లను కోసేవాళ్లకు ఇంకో గండం ఇనుము. ఎప్పుడో కొట్టిన మేకును, కంచె తీగను చెట్టు ఏడాదికో వలయం చొప్పున తనలోకి కప్పేసుకుంటుంది. పైకి ఏ ఆనవాలూ ఉండదు. అయితే ఓక్ లాంటి చేదు, వగరు కలపల్లో ఒక సూచన కనిపిస్తుంది. వాటిలోని టానిన్లు ఇనుముతో కలిసి నల్లటి సిరాగా మారతాయి. దుంగ కోసిన కొనలో నీలి నలుపు మరక కనిపిస్తే లోపల ఇనుముందని అర్థం. అక్కడ రంపం ఆపి లోహ శోధక యంత్రం తిప్పి చూడటం మంచిది.

ఇంతవరకు చెప్పింది యంత్రం సంగతి. సొంతంగా కలప కోసుకునేవాళ్లు మొదట నేర్చుకునేది ఇదే, చాలామంది ఇక్కడే ఆగిపోతారు కూడా. పలక తిన్నగా వచ్చిందా, అంచులు సరిగ్గా ఉన్నాయా అని చూసుకుంటారు. మూడు నెలలు గడిచాక అదే పలక దోనెలా వంగి ఉంటుంది. తప్పు రంపానిది కాదు. దుంగకు దిక్కులున్నాయి, కోత ఆ దిక్కుల్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇనుప కడ్డీని ఏ వైపు నుంచి కొలిచినా దాని గుణం ఒకటే. కలప అలా కాదు. చెట్టు ఎత్తున సాగే దిక్కు ఒకటి, నడిమి దవ్వ నుంచి బెరడు వైపు సాగే దిక్కు ఒకటి, వలయాల వెంట చుట్టూ తిరిగే దిక్కు ఒకటి. ఈ మూడింటిలోనూ కలప వేరువేరుగా కుంచించుకుపోతుంది. పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండే వరకు లెక్కిస్తే పొడవునా తగ్గేది 0.1, 0.2 శాతమే. దవ్వ నుంచి బెరడు దిక్కున ఎర్ర ఓక్ 4 శాతం తగ్గుతుంది. వలయాల వెంట 8.6 శాతం. తెల్లపైన్‌లో ఈ రెండూ 2.1, 6.1. మన టేకులో 2.5, 5.8. చెట్టు ఏదైనా వలయాల వెంట కుదింపు ఎక్కువ, చాలా చెట్లలో అది దవ్వ నుంచి బెరడు దిక్కున తగ్గేదానికి రెట్టింపు, కొన్నిట్లో అంతకు మించీ ఉంటుంది.

ఎందుకిలా? కలప నిండా పొడవాటి గొట్టాల్లాంటి కణాలుంటాయి, నిలువుగా పేర్చి ఉంటాయి. వాటి గోడల్లో సెల్యులోజు పోగులు దాదాపు నిలువుగానే చుట్టుకుని ఉంటాయి. నీటి అణువులు ఆ పోగుల మధ్య దూరతాయి, పోగుల పొడవును మాత్రం మార్చలేవు. కాబట్టి నీరు పోయినప్పుడు గోడ పక్కలకు సన్నబడుతుంది, ఎత్తు తగ్గదు. ఇక దవ్వ నుంచి బెరడు దాకా అడ్డంగా సాగే కణాల వరసలున్నాయి, వాటిని దవ్వరేఖలంటారు. ఆ దిక్కున కలప కుంచించుకుపోకుండా అవి కొంతవరకు పట్టి ఆపుతాయి. వలయాల వెంట అలా పట్టి ఆపేది ఏదీ లేదు.

ఈ తేడాను లెక్కగా చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఎర్ర ఓక్ దుంగ కొన నుంచి పల్చటి గుండ్రటి బిళ్ల కోసి పూర్తిగా ఎండబెట్టారనుకోండి. దాని వ్యాసార్ధం 4 శాతం తగ్గింది, చుట్టుకొలత 8.6 శాతం తగ్గింది. తగ్గిన వ్యాసార్ధానికి చుట్టూ సరిపడేంత కలప ఇక మిగల్లేదు. 360 డిగ్రీల వృత్తంలో దాదాపు 17 డిగ్రీలు లోటు. ఆ లోటు ఎక్కడో ఒకచోట పగులుగా తెరుచుకోవాల్సిందే. కమ్మరి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టాను బండి చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే అది కుదించుకుని చక్రాన్ని బిగిస్తుంది. ఎండే దుంగలో ప్రతి వలయమూ లోపలి కలప మీద అలాంటి పట్టాయే. ఇనుము ఆ బిగువును తట్టుకుంటుంది, కలప తట్టుకోలేక చీలుతుంది. నడిమి దవ్వను లోపలే ఉంచి కోసిన దూలం ఎంత జాగ్రత్తగా ఎండబెట్టినా ఏదో ఒక ముఖం మీద పగలడానికి కారణం ఇదే. వడ్రంగి ఆ దూలాన్ని చూసి పనితనాన్ని శంకించాల్సిన అవసరం లేదు, పగులు ఏ ముఖం మీద రావాలో ముందే చూసుకుంటే చాలు.

దుంగను ఎలా కోసినా ఈ దిక్కుల్లో ఒకదాన్ని పలక వెడల్పుకు కేటాయిస్తున్నట్టే. దుంగను తిప్పకుండా పైనుంచి కింది దాకా వరసగా కోస్తే పని త్వరగా అవుతుంది, వృథా తక్కువ. కానీ పైనా కిందా వచ్చే పలకల ముఖం మీద వలయాలు వెడల్పు వెంట పడుకుని ఉంటాయి. అవి ఎక్కువగా కుదించుకుపోతాయి. అంతేకాక బెరడు వైపు ముఖం దవ్వ వైపు ముఖం కన్నా ఎక్కువ తగ్గుతుంది కాబట్టి బెరడు వైపు గుంట పడేలా దోనెగా వంగుతాయి. దుంగ నడిమి నుంచి తీసిన పలకలో వలయాలు నిలువుగా నిలబడి ఉంటాయి. వాటితో పోలిస్తే దాని వెడల్పులో తగ్గుదల సగమే, పలక తిన్నగా నిలుస్తుంది. దుంగను ముందు నాలుగు భాగాలుగా చీల్చి, ప్రతి భాగాన్నీ తిప్పి తిప్పి కోస్తే ఇలాంటి పలకలే ఎక్కువ వస్తాయి. ఓక్‌లో ఈ కోతకు ఇంకో లాభముంది. దవ్వరేఖలు ముఖం మీద మెరిసే మచ్చలుగా బయటపడతాయి. ఐరోపా పాత మేజాబల్లల మీద కనిపించే ఆ మెరుపు ఇదే. శ్రమ ఎక్కువ, వృథా ఎక్కువ, పలకలు సన్నం. అయినా బల్లపైకి, తలుపుకు, వాద్యానికి పనికొచ్చే కలపను ఇలాగే కోయాలని నా అభిప్రాయం. సొంత మిల్లు ఉన్నవాళ్లకు దొరికే అసలైన స్వేచ్ఛ ఇదే. పెద్ద మిల్లు గంటకు ఎన్ని ఘనపుటడుగులు పడ్డాయో చూసుకుంటుంది, సొంత దుంగ కోసుకునేవాళ్లు దాన్ని తిప్పి చూసుకోవడానికి ఒక పూట వెచ్చించగలరు.

దిక్కులతో పాటు దుంగలో బిగువులు కూడా ఉంటాయి. పెరిగే చెట్టు ఏటా కొత్త పొరను బయట వేసుకుంటుంది. ఆ పొర గట్టిపడేటప్పుడు నిలువునా కుదించుకోవాలని చూస్తుంది, లోపలి పాత కలప అడ్డుపడుతుంది. అలా కాండం బయటి భాగమంతా లాగి కట్టిన తాడులా ఉంటుంది, నడిమి భాగం నలిగి ఉంటుంది. గాలికి చెట్టు వంగినా విరగకపోవడానికి ఈ ఏర్పాటే తోడ్పడుతుంది. ఒక వైపు నుంచి మందంగా కోత వేయగానే ఆ సమతూకం చెదురుతుంది. నీలగిరి చెట్లలో ఈ బిగువు మరీ ఎక్కువ. రంపం ఇంకా చివరికి చేరకముందే పలక కొన పైకి లేవడం, మిగిలిన దుంగ నడుము వంచడం కళ్లముందే జరుగుతాయి. అందుకే అనుభవమున్నవాళ్లు ఒకే ముఖం నుంచి కోసుకుంటూ పోరు. ఇటు రెండు పలకలు తీసి, దుంగను 180 డిగ్రీలు తిప్పి అటు రెండు తీస్తారు. బిగువు రెండు వైపులా సమానంగా సడలుతుంది.

వాలుగా పెరిగిన చెట్టుదీ, కొమ్మదీ మరో కథ. తనను తాను నిలబెట్టుకోవడానికి చెట్టు ఒకవైపు ప్రత్యేకమైన కలపను పేరుస్తుంది. పైన్ జాతి అయితే వాలిన వైపు కింద పేర్చి నెడుతుంది, ఆకులు వెడల్పుగా ఉండే జాతులైతే పైవైపున పేర్చి లాగుతాయి. ఆ కలపలో మామూలు నియమం చెల్లదు, పొడవునా కూడా ఒకటి రెండు శాతం తగ్గగలదు. 3 మీటర్ల పలకలో ఒక అంచు 3 సెంటీమీటర్లు కుదించుకుని ఇంకో అంచు కుదించుకోకపోతే అది విల్లులా వంగుతుంది. దుంగ కొనలో దవ్వ నడిమధ్యన లేకుండా ఒక పక్కకు జరిగి కనిపిస్తే, దాన్ని పలకలకు వాడకూడదు. పొయ్యిలోకో బొమ్మలకో వదిలేయడం మేలు.

కోత పూర్తయ్యాక మొదలయ్యేది ఎండబెట్టడం. నా దృష్టిలో సగం పని ఇదే. పచ్చి కలపలో నీరు రెండు చోట్ల ఉంటుంది, కణాల బోలులో కొంత, కణాల గోడల్లో కొంత. బోలులోని నీరు ముందు పోతుంది. అది పోయినంతసేపూ కలప బరువు తగ్గుతుందే తప్ప కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు వదలడం మొదలవుతుంది. అసలు కుదింపు, వంపు, పగుళ్లు అన్నీ అక్కడి నుంచే. పచ్చి పలకలను చూసి ఇవి వంగలేదులే అని ధీమాపడకూడదు. కథ ఇంకా మొదలవలేదంతే.

పలక కొనల నుంచి నీరు ముఖాల నుంచి పోయేదానికన్నా పది రెట్లకు పైగా వేగంగా పోతుంది. గొట్టాల నోళ్లు అక్కడే తెరుచుకుని ఉంటాయి కదా. కొనలు ముందు ఎండి కుదించుకుంటే, ఇంకా పచ్చిగా ఉన్న లోపలి భాగం వాటిని కుదించుకోనివ్వదు. కొనలు చీలుతాయి. దుంగ కోసిన రోజే కొనలకు మైనం పూస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది, మందంగా పాత పెయింటు పూసినా కొంత మేలు. పలకల్ని నేలకు అడుగు పైనైనా ఎత్తుగా, మట్టసంగా వేసిన దిమ్మెల మీద పేర్చాలి. ప్రతి వరసకూ మధ్య ఎండిన సన్నటి బద్దలు పెట్టాలి. ఒకటి నుంచి ఒకటి అడుగున్నర, రెండడుగుల దూరంలో ఉంటే చాలు. అన్నిటికన్నా ముఖ్యం, బద్దలన్నీ పైనుంచి కింది దాకా ఒకే నిలువు వరసలో ఉండాలి. లేకపోతే పై బరువంతా పలకను మధ్యలో నొక్కి, ఎండేలోపు ఆ వంపునే శాశ్వతం చేస్తుంది. పైన రేకు కప్పి దాని మీద రాళ్లు పెట్టాలి, పక్కలు మాత్రం గాలికి వదలాలి. అంగుళం మందానికి ఏడాది అని అమెరికాలో అందరూ చెప్పే లెక్క ఒకటుంది. అది మొరటు లెక్క. తెల్లపైన్ కొన్ని నెలల్లో ఎండుతుంది, ఓక్‌కు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. తొందరపడి ఓక్‌ను ఎండలో పడేస్తే పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల నీరు చిక్కుకుంటుంది. అప్పుడు కలప లోపలే తేనెతుట్టె గదుల్లా చీలుతుంది. అది చిత్రిక పట్టేదాకా బయటపడదు.

ఎండటం ఎక్కడ ఆగుతుందో నిర్ణయించేది చుట్టూ ఉన్న గాలి. గాలిలో తేమ 80 శాతం ఉంటే కలప 15, 16 శాతం దగ్గర ఆగుతుంది. 30 శాతమే ఉంటే 6 దాకా దిగుతుంది. చలికాలంలో హీటర్లు నడిచే అమెరికా ఇళ్లలో కలప 6 నుంచి 8 శాతంలో ఉంటుంది. బయట ఎండబెట్టిన కలప అక్కడికి చేరలేదు, కాబట్టి వాళ్లకు కలపను వేడితో ఎండబెట్టే పొయ్యిగది తప్పనిసరి. మన తీరప్రాంతంలో ఆ తొందర లేదు. పొయ్యిగదికి ఇంకో ఉపయోగం పురుగుల నాశనం. కలప నడిమి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలితే అందులోని పురుగు చస్తుందన్నదే విదేశాలకు సరుకు పంపే చెక్కపెట్టెలకు అంతర్జాతీయ నిబంధన. పుచ్చు పురుగుకు ఇష్టమైనది బెరడు కిందుండే లేత కలప, అంటే రసదారువు. అందులో పిండిపదార్థం ఉంటుంది. లోపలి ముదురు కలప అయిన చేవలో అది ఉండదు. పైగా చెట్టు తాను చేసుకున్న విషపదార్థాలను అందులోనే నింపుకుంటుంది.

చేవ మాట మన రైతులకు నేరుగా తగిలే విషయం. పొలం గట్ల మీద టేకు మొక్కలు నాటినవాళ్లు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఊరూరా ఉన్నారు. పదిహేనేళ్ల టేకు కాండంలో చేవ ఇంకా సన్నగానే ఉంటుంది. చుట్టూ తెల్లటి రసదారువు, నడుమ చెట్టు బాల్యంలో పేర్చిన కలప. ఆ తొలి కలపలో పోగులు వాలుగా చుట్టుకుని ఉంటాయి, కాబట్టి అది పొడవునా కూడా కుదించుకుపోతుంది. టేకు అన్న పేరుకు వందేళ్ల అడవి టేకు సంపాదించిపెట్టిన గౌరవం ఈ లేత దుంగకు వర్తించదు. దాన్ని కోసేటప్పుడు నడిమి భాగాన్ని ఒక చదరంగా పక్కకు తీసి, మిగిలిన చేవ నుంచి పలకలు తీసుకోవాలి. రసదారువును ఆరుబయట వాడకుండా ఇంటిలోపలి పనికి మళ్లించాలి.

కదిలే మిల్లును అమెరికాలో లాగా మన పొలంలోకి తెచ్చి నిలపడం మాత్రం కుదరదు. 1996 డిసెంబరు 12న అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తర్వాత సామిల్లుల మీద దేశమంతటా పట్టు బిగిసింది. అటవీ శాఖ లైసెన్సు లేకుండా కోత యంత్రం నడపడం నేరం. సొంత చెట్టు కొట్టడానికి కూడా నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది. దొంగ కోతల చేతిలో అడవులు ఎంత నష్టపోయాయో తెలిసినవాళ్లెవరూ ఈ పట్టును తప్పుపట్టరు. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో కూల్చిన చెట్ల లాంటివి మన ముందున్నప్పుడు, అటవీ శాఖే అలాంటి మిల్లును వీధి వీధికీ పంపే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? న్యూ ఇంగ్లండ్‌లో కూలిన కలపను కాపాడటానికి పూనుకున్నది ప్రభుత్వమే. వేప, నిద్రగన్నేరు, మామిడి, చింత ఏదైనా కావచ్చు. కూలిన వారంలోపు పలకలుగా కోసి పేరిస్తే అది బడి బల్ల అవుతుంది. అలాగే వదిలేస్తే వర్షాల్లో నాని, బూజు పట్టి, చివరికి కట్టెల ధరకు పోతుంది.

మిల్లు పక్కన పని చేసేవాళ్ల ఆరోగ్యం గురించి కూడా చెప్పాలి. కలప ధూళి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. పచ్చి దుంగ కోసినప్పుడు పొట్టు తడిగా ముద్దలుగా రాలుతుంది, ప్రమాదం తక్కువ. ఎండిన పలకను తిరిగి కోసేటప్పుడూ, ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడూ లేచేదే నిజమైన ధూళి. తువ్వాలు చుట్టుకుంటే అది ఆగదు, వడపోత ఉన్న మాస్కు కావాలి. చెవులకు రక్షణ లేకుండా ఈ యంత్రం పక్కన నిలబడకూడదు. దొర్లే దుంగకు దిగువన మాత్రం ఎప్పుడూ నిలబడకూడదు.

పలక ఎండిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లు దొరుకుతాయి. మీటరు లేకపోయినా ఒక తూకం చాలు. పలక కొన నుంచి అడుగు లోపలికి వెళ్లి ఒక ముక్క కోసి తూచండి. దాన్ని 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూయండి. పోయిన బరువును మిగిలిన బరువుతో భాగించి నూరుతో హెచ్చిస్తే తేమ శాతం వస్తుంది. ఎండిన బరువుతో పోల్చి చూస్తాం కాబట్టి పచ్చి కలపలో ఇది నూరు దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంత చేసినా నీటితో కలప సంబంధం తెగదు, ఇంట్లోకి వచ్చాక కూడా అది గాలితో ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. పడుకున్న వలయాలున్న టేకు పలకలు అతికించి 90 సెంటీమీటర్ల తలుపు చేశారనుకోండి. హైదరాబాదు మే నెలకూ ఆగస్టుకూ మధ్య కలపలో తేమ 4 శాతం పెరిగినా చాలు, తలుపు వెడల్పు దాదాపు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ద్వారబంధంలో బిగుసుకుంటుంది. మన పాత ఇళ్ల తలుపులకు సన్నటి చట్రం, దాని గాడిలో జిగురు లేకుండా దింపిన పలకలు ఉండేవి. చట్రపు నిలువు కర్రల పొడవు మారదు, వాటి వెడల్పు తక్కువ కాబట్టి పెరిగేదీ తక్కువే. పలక గాడిలో తన ఇష్టం వచ్చినట్టు పెరిగి తగ్గుతుంది. ఈమధ్య కొందరు పగుళ్లు కనిపించకూడదని పలకను గాడిలో జిగురుతో బిగించేస్తున్నారు. అలా బిగించిన పలక మొదటి ఎండాకాలంలోనే నడిమికి చీలుతుంది. గాడిలో ఇరువైపులా రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, జిగురు అసలు తగలనివ్వకుండా దింపమని వడ్రంగికి తలుపు మొదలుపెట్టకముందే చెప్పాలి.